తిరుపతిలో అద్దె ఇల్లు: ఉంచుకుంటే మిగిలేదెంత, అమ్మితే చేతికొచ్చేదెంత?

కొర్లగుంట, బైరాగిపట్టెడ, ఎం.ఆర్.పల్లి వంటి చోట్ల రెండు మూడు పోర్షన్ల ఇల్లు ఒకటి కట్టుకుని, దాని అద్దెను పింఛనుకు ఆసరా చేసుకున్న కుటుంబాలు తిరుపతిలో చాలా ఉన్నాయి. కట్టినవాళ్లు ఇప్పుడు అరవై, డెబ్బై దాటారు. పిల్లలు బెంగళూరులోనో, చెన్నైలోనో, అమెరికాలోనో స్థిరపడ్డారు. పండగకు అందరూ కలిసినప్పుడల్లా అదే వాదన. అంకణం (ఇక్కడి స్థలాల కొలత) ఇంత పలుకుతుంటే ఈ మోటారు మరమ్మతులు, ఈ అద్దె వసూళ్లు మనకెందుకు, అమ్మేసి బ్యాంకులో వేసుకోండి అని పిల్లలు. నేల చేజారితే మళ్లీ కొనగలమా అని పెద్దలు.

ఈ వాదన ఏళ్ల తరబడి తేలకపోవడానికి కారణం ఉంది. ఒకరు దళారి చెప్పిన ధరను చూస్తున్నారు, మరొకరు నెలనెలా అందే అద్దెను చూస్తున్నారు. ఆ రెండూ పై లెక్కలే. పోయేవి పోగా అద్దెలో మిగిలేదాన్ని, పోయేవి పోగా ధరలో మిగిలేదానితో పోల్చినప్పుడే మాటకు ఒక ఆధారం దొరుకుతుంది. దీనికి తోడు 2024 జూలై 23 నుంచి స్థిరాస్తి లాభంపై పన్ను లెక్క మారింది. పాత పద్ధతి పోయిందని కొందరు, ఉందని కొందరు అంటున్నారు. ఎవరి సంగతిలో ఏది నిజమో ముందుకు వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

పన్ను విషయంలో ఒక మాట ముందే చెప్పాలి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో తెచ్చిన 2025 చట్టానికి 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టారు. సెక్షన్ల వరుస మారింది కాబట్టి ఇక్కడ సెక్షన్ల సంఖ్యలు వాడలేదు. లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి.

నెలకు 18 వేల అద్దెలో నిజంగా మిగిలేది

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 2009-10లో 18 లక్షలకు కొన్న ఇల్లు. కింది పోర్షను అద్దె 8,000, పైన ఉన్న రెండు పోర్షన్లు ఒక్కొక్కటి 5,000. అంటే నెలకు 18,000, ఏడాదికి 2,16,000. ఇప్పుడు అమ్మితే 60 లక్షలు పలుకుతుందనుకుందాం. యజమాని వేరే ఇంట్లో ఉంటున్న విశ్రాంత ఉద్యోగి. పింఛను ఏడాదికి 4 లక్షలు.

ఆ 2,16,000 ఏ ఏడాదీ పూర్తిగా రాదు. ఒకరు ఖాళీ చేసి మరొకరు దిగేలోపు ఇల్లు ఊరికే ఉంటుంది. మూడు పోర్షన్లకూ కలిపి సగటున ఒక నెల అద్దె పోయిందనుకుంటే వచ్చేది 1,98,000. ఇంటి పన్ను 6,000. సున్నాలు, మోటారు, పైపులు, పైకప్పు చెమ్మ, ఇవన్నీ కొన్నేళ్లకు ఒకేసారి మీద పడే ఖర్చులు. వాటిని ఏడాదికి సర్దితే 24,000 వేసుకోవచ్చు. మిగిలేది 1,68,000. ఇది 60 లక్షల మీద 2.8 శాతం. తిరుపతిలోనే కాదు, మన పట్టణాల్లో నివాసపు ఇళ్ల అద్దె రాబడి మామూలుగా ఇలా సన్నగానే ఉంటుంది.

ఆదాయపు పన్ను దగ్గర మాత్రం అద్దెకు ఒక వెసులుబాటు ఉంది. వచ్చిన అద్దెలోంచి కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదానిలో 30 శాతాన్ని మరమ్మతులకని చట్టమే తగ్గిస్తుంది. ఖర్చు చేసినా చేయకపోయినా అంతే, రసీదులు అక్కరలేదు. మన ఉదాహరణలో 1,92,000లో 30 శాతం పోగా పన్ను లెక్కకు వచ్చేది 1,34,400. అయితే కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు రాయితీ వల్ల పన్ను సున్నా కాబట్టి, ఈ పింఛనుదారుకు ఆ వెసులుబాటు ఉన్నా లేకపోయినా ఒకటే. ఇంకా ఉద్యోగంలో ఉండి పెద్ద జీతం తీసుకునేవారికి అది అక్కరకు వస్తుంది.

చిల్లర లెక్కల్లో యజమానులు ఎక్కువగా నష్టపోయేది కరెంటు దగ్గర. ఒకే మీటరు మీద మూడు పోర్షన్లు నడిపి, లోపల సబ్‌మీటర్లు పెట్టుకున్న ఇళ్లు పాత పేటల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన గృహ శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాతి 45కు 3 రూపాయలు, ఆపై 50కి 4.50, ఆపై 100కు 6 రూపాయలు, 225 దాటాక 400 వరకు 8.75. మూడు పోర్షన్లూ తలా వంద యూనిట్లు వాడితే ఒకే మీటరు మీద 300 యూనిట్లకు 1,673 రూపాయలవుతుంది. వేర్వేరు మీటర్లుంటే ఒక్కో ఇంటికి 304.50 చొప్పున మొత్తం 913.50. స్థిర ఛార్జీలు, సర్దుబాట్లు కాకుండానే నెలకు 760 తేడా. ఆ తేడాను యజమాని భరిస్తే అద్దె తగ్గినట్టు, అద్దెదారు మీద వేస్తే నెలనెలా తగవు.

భోగ్యం: అద్దె కాదు, అప్పు

నెలనెలా అద్దె తీసుకోకుండా ఒకేసారి పెద్ద మొత్తం తీసుకుని, రెండు మూడేళ్లు ఇల్లు ఊరికే ఉండనిచ్చి, గడువు తీరాక ఆ మొత్తం తిరిగిచ్చేయడం భోగ్యం. కొందరు దీన్నే లీజు అంటారు. చెన్నైకీ బెంగళూరుకీ దగ్గరగా ఉన్న తిరుపతి, చిత్తూరు పట్టణాలకు ఇది కొత్త పద్ధతి కాదు. కూతురి పెళ్లికో, చదువుకో, పై అంతస్తు వేయడానికో ఒకేసారి డబ్బు కావలసినప్పుడు యజమానికి ఇది సులభంగా కనిపిస్తుంది. వడ్డీ లేని డబ్బు అనుకుంటారు.

వడ్డీ ఉంది, కనిపించదు అంతే. నెలకు 5,000 అద్దె వచ్చే పై పోర్షన్ను 4 లక్షలకు భోగ్యానికి ఇచ్చారనుకోండి. ఏడాదికి వదులుకున్న అద్దె 60,000. అంటే 4 లక్షల మీద 15 శాతం వడ్డీ. బంగారం తాకట్టు పెట్టినా చాలా బ్యాంకుల్లో ఇంతకంటే తక్కువకే పుడుతుంది. అదే పోర్షనుకు 8 లక్షలు వస్తే వడ్డీ ఏడున్నర శాతమే, అప్పుడు బేరం యజమాని వైపు ఉన్నట్టు. కాబట్టి భోగ్యం మంచిదా చెడ్డదా అనే ప్రశ్నకు జవాబు వదులుకున్న అద్దెకూ తీసుకున్న మొత్తానికీ ఉన్న నిష్పత్తిలోనే ఉంటుంది. ఇరవై ఏళ్ల కింద నప్పినది ఇప్పుడు నప్పకపోవచ్చు.

చట్టం వైపు నుంచి చూస్తే చిక్కు మరొకటి. అసలు తీరేవరకు వడ్డీకి బదులు ఆస్తిని అనుభవించే ఏర్పాటును 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం తనఖాలలో ఒక రకంగా గుర్తిస్తుంది. పత్రంలో మాటలు ఎలా ఉన్నాయన్నదాన్ని బట్టి అది కౌలో (అద్దె ఒప్పందమో) తనఖానో తేలుతుంది. 20,000 లేదా అంతకు మించిన అప్పును, డిపాజిట్‌ను నగదుగా తీసుకోకూడదని, తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడవచ్చని ఆదాయపు పన్ను చట్టం అంటోంది. భోగ్యం డబ్బు నోట్ల కట్టలుగా చేతులు మారే అలవాటు ఇంకా పోలేదు. పైగా ఇల్లు అమ్మే రోజున ఆ 4 లక్షలు ముందు తీర్చాలి. 60 లక్షలు వస్తాయని ఊహించుకునేటప్పుడు ఈ బాకీని మరచిపోవడం తరచుగా జరిగేదే.

పదకొండు నెలల ఒప్పందం ఆంధ్రప్రదేశ్‌లో ఎంతవరకు పనికొస్తుంది?

ఏడాది దాటిన కౌలుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్నది 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోని సాధారణ సూత్రం. దేశమంతా పదకొండు నెలల ఒప్పందాలు వాడుకలోకి రావడం అందుకే. కానీ ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధనను 1999లో సవరించింది. అప్పటి నుంచి ఇక్కడ గడువుతో పని లేకుండా స్థిరాస్తి కౌలు పత్రాలన్నీ రిజిస్టర్ చేయవలసినవే. స్టాంపు కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టుకున్న పదకొండు నెలల ఒప్పందం, కోర్టు దాకా వెళితే, అందులోని షరతులకు రుజువుగా నిలబడటం కష్టం. ఆ మనిషి అద్దెదారుగానే ఇంట్లో చేరాడని చూపడానికి మాత్రం పనికొస్తుంది.

అది చిన్న ప్రయోజనం కాదు. పన్నెండేళ్లు ఒకే ఇంట్లో ఉంటే అద్దెదారుకు హక్కు వచ్చేస్తుందన్న భయం చాలామంది యజమానుల్లో ఉంది. ఆ భయంతో మంచి అద్దెదారులను కూడా ఖాళీ చేయిస్తుంటారు. పన్నెండేళ్ల సూత్రం యజమాని హక్కును కాదంటూ బహిరంగంగా ఆక్రమించి ఉన్నవారికి సంబంధించినది. యజమాని అనుమతితో, అద్దె కడుతూ ఉన్నవారు ఎన్నేళ్లున్నా ఆ కారణంగానే యజమాని కాలేరు. అందుకే బ్యాంకు ద్వారా వచ్చిన అద్దె, చిన్న ఒప్పందం కాగితం, రెండూ విలువైనవే. నెలవారీ అద్దెను ముగించడానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆస్తి బదిలీ చట్టం ప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలు. నోటీసు ఇవ్వడం సులభం, ఖాళీ చేయించడం వేరే సంగతి.

అడ్వాన్సు ఎన్ని నెలలు తీసుకోవాలన్నది ఇక్కడ ఎక్కువగా వాడుకే నిర్ణయిస్తోంది. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసపు ఇళ్లకు రెండు నెలలు, ఇతర భవనాలకు ఆరు నెలలు అని హద్దు పెట్టింది. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టాల్లోకి తీసుకుంటేనే అమలవుతుంది.

యాత్రికులకు రోజు అద్దెకు ఇస్తే?

తిరుపతిలో ఈ ఆశ సహజం. నెలకు 5,000 వచ్చే పోర్షను అలిపిరి దారిలోనో రైల్వే స్టేషన్ దగ్గరో ఉంటే, సెలవు రోజుల్లో నాలుగు రాత్రుల్లోనే ఆ డబ్బు రావచ్చు. కానీ రోజు అద్దె అంటే ఇల్లు వ్యాపారంగా మారినట్టే. ఇంటి పన్ను నివాసేతర రేటుకు, కరెంటు వాణిజ్య కేటగిరీకి మారవచ్చు. వచ్చినవారి గుర్తింపు వివరాలు రాసిపెట్టుకోవాలి. దుప్పట్లు, నీళ్లు, శుభ్రం, అర్ధరాత్రి ఫోన్లు మామూలే. దగ్గరుండి చూసుకునే మనిషి ఉన్న ఇంటికి ఇది పనికొస్తుంది. బెంగళూరు నుంచి ఫోనులో నడిపేవారికి, నా అంచనాలో, మిగిలేది తక్కువ.

అమ్మితే పన్ను: 12.5 శాతమా, 20 శాతమా?

కొన్న తర్వాత 24 నెలలు దాటిన ఇల్లు అమ్మితే వచ్చే లాభం దీర్ఘకాలిక మూలధన లాభం. పాత పద్ధతిలో కొన్న ధరను ద్రవ్యోల్బణ సూచీతో పెంచి, ఆ పెంచిన ధరను అమ్మిన ధరలోంచి తీసేసి, మిగిలినదానిపై 20 శాతం పన్ను వేసేవారు. 2024 మార్పుతో సూచీని తీసేసి రేటును 12.5 శాతానికి తగ్గించారు. గగ్గోలు రేగడంతో ఒక మినహాయింపు ఇచ్చారు. 2024 జూలై 23కు ముందు కొన్న భూమి, భవనం అయితే, భారతదేశంలో నివాసి అయిన వ్యక్తి, లేదా హిందూ అవిభక్త కుటుంబం, రెండు లెక్కల్లో ఏది తక్కువైతే ఆ పన్నే కట్టవచ్చు.

మన ఇంటి సంగతి చూద్దాం. 60 లక్షల్లో దళారికి ఒక శాతం, 60,000 పోతే 59.4 లక్షలు. కొత్త లెక్కలో లాభం 41.4 లక్షలు, పన్ను 5,17,500. పాత లెక్కలో సూచీ 2009-10కి 148, 2025-26కి 376. కాబట్టి 18 లక్షలు 45.73 లక్షలవుతుంది. లాభం 13.67 లక్షలు, పన్ను సుమారు 2,73,400. పాత లెక్కే మేలు. నాలుగు శాతం సెస్సు కలిపితే 2.84 లక్షలు. చేతికి మిగిలేది దాదాపు 56.5 లక్షలు.

ఎప్పుడూ ఇలాగే ఉంటుందా? ఉండదు. తండ్రి ఎప్పుడో కట్టిన ఇల్లు అనుకుందాం. 2001 ఏప్రిల్ 1కి ముందు వచ్చిన ఆస్తికి ఆ రోజు విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు, రిజిస్ట్రేషన్ శాఖ నాటి విలువను మించకుండా. అది 5 లక్షలైతే, ఇప్పుడు 50 లక్షలకు అమ్మితే, కొత్త లెక్కలో 45 లక్షలపై 5,62,500. పాత లెక్కలో 5 లక్షలు 18.8 లక్షలవుతుంది, మిగిలిన 31.2 లక్షలపై 6,24,000. ఇక్కడ కొత్తది మేలు. ధర సూచీ కంటే బాగా ఎక్కువ వేగంతో పెరిగిన చోట 12.5 శాతం కలిసొస్తుంది. 2009-10లో కొన్నదానికి ఆ హద్దు సుమారు అయిదు రెట్లు, 2001 విలువకు సుమారు ఎనిమిదిన్నర రెట్లు.

12 లక్షల వరకు పన్ను లేదు కదా అన్న ధీమా ఇక్కడ చెల్లదు. ఆ రాయితీ ఈ లాభానికి వర్తించదు. పన్ను తప్పించుకునే చట్టబద్ధమైన దారులు వేరే ఉన్నాయి. లాభాన్ని రెండేళ్లలో మరో ఇల్లు కొనడానికో, మూడేళ్లలో కట్టుకోవడానికో వాడటం, లేదా ఆరు నెలల్లోపు నిర్దేశిత ప్రభుత్వ రంగ సంస్థల బాండ్లలో 50 లక్షల వరకు పెట్టడం. బాండ్లలో డబ్బు అయిదేళ్లు కదలదు. మందులకూ మాకులకూ డబ్బు కావలసిన వయసులో రెండు మూడు లక్షల పన్ను కోసం అలా కట్టేసుకోవడం అందరికీ నప్పదు.

అమెరికాలో ఉన్న కొడుకు పేరిట ముందే రాసేసి, అతని చేత అమ్మించాలనుకునే కుటుంబాలు ఒకటి గమనించాలి. రెండు లెక్కల్లో తక్కువది ఎంచుకునే వీలు ప్రవాసులకు లేదు. అదే ఇంటికి పన్ను సెస్సు కాక 5,17,500 అవుతుంది. కొనేవారు కోసే టీడీఎస్ (ధరలోంచి ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కూడా మారుతుంది. నివాసి అమ్మితే 50 లక్షలు, ఆపై ధరకు ఒక శాతమే. ప్రవాసి అమ్మితే ధర ఎంతైనా టీడీఎస్ తప్పదు, రేటూ చాలా ఎక్కువ.

రెండు లెక్కలూ పక్కపక్కన

56.5 లక్షలను ఆరున్నర శాతం డిపాజిట్‌లో వేస్తే ఏడాదికి సుమారు 3.67 లక్షలు. అద్దెలో మిగులుతున్నది 1.68 లక్షలు. పిల్లల వాదన గెలిచినట్టే కనిపిస్తుంది. కానీ డిపాజిట్ అసలు పదేళ్ల తర్వాత కూడా 56.5 లక్షలే. ఇంటి విలువ ఏటా సుమారు మూడున్నర శాతం పెరిగితే ఆ రెండు లక్షల తేడా పూడిపోతుంది, అద్దె పెరుగుదల అదనం. పెద్దల వాదన బలం ఇక్కడ ఉంది.

దాని బలహీనతా ఇక్కడే ఉంది. పెరిగేది నేల ధర, గోడల ధర కాదు. సొంత స్థలంలో ఇంటికి ఉన్నంత ఆశ, నేలలో విడదీయని వాటా కొద్దిగా మాత్రమే ఉండే పాత అపార్ట్‌మెంట్ ఫ్లాటుకు ఉండదు. పైగా పెరిగిన విలువతో ఈ నెల ఆసుపత్రి బిల్లు కట్టలేం. డెబ్బై అయిదేళ్ల మనిషికి కావలసింది పదేళ్ల తర్వాతి ధరా, ఈ ఏడాది రాబడా అన్నది అంకెలు తేల్చే ప్రశ్న కాదు. యాభై అయిదేళ్ల యజమానికీ అతనికీ ఒకే సలహా ఇచ్చేవారిని నేను నమ్మను.

ధర పలికినా రిజిస్టర్ కాని ఇళ్లు

ఈ లెక్కలన్నీ కాగితాలు శుభ్రంగా ఉన్న ఇంటికి. తిరుపతి చుట్టుపక్కల మఠం భూములు, దేవాదాయ భూములు, డీకేటీ పట్టాలు (ప్రభుత్వం అసైన్ చేసిన భూముల పట్టాలు) విస్తారంగా ఉన్నాయి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ నిబంధన కింద ఇలాంటివి నిషేధిత జాబితాలో చేరతాయి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది, తర్వాతి సవరణల్లో కొన్ని సడలింపులు వచ్చాయి. చుట్టూ వీధులు వెలిసి, ఇంటి పన్ను కడుతూ, కరెంటు ఉన్నా, సర్వే నంబరు ఆ జాబితాలో ఉంటే దస్తావేజు రిజిస్టర్ కాదు. ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కాదన్న సంగతి చాలామందికి బేరం కుదిరాకే తెలుస్తుంది.

రెండో అడ్డంకి వారసులు. హిందూ కుటుంబాల్లో తండ్రి స్వార్జితం, వీలునామా లేదు అంటే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికి ఉంటే ఆయన తల్లికి సమాన వాటా. పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డ సంతకం లేకుండా కొనేవారి న్యాయవాది ఒప్పుకోరు.

మూడోది తెల్లడబ్బు, నల్లడబ్బు తంతు. స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి కొనేవారి మీద పడేది ఏడున్నర శాతం. 60 లక్షలకు అది 4.5 లక్షలు. అందుకే ప్రభుత్వ విలువకే రాయించుకుందాం, మిగతాది నగదు అంటారు. ప్రభుత్వ విలువ 42 లక్షలు అనుకుంటే మన యజమానికి పాత లెక్కలో పన్నే పడదు, 2.84 లక్షలు మిగిలినట్టు. కానీ స్థిరాస్తి అమ్మకంలో 20,000 లేదా ఆపైన నగదు తీసుకోవడం నిషేధం, జరిమానా తీసుకున్నంత. అంటే 18 లక్షలు పణంగా పెట్టి 2.84 లక్షలు మిగుల్చుకోవడం. ఆ 18 లక్షలు డిపాజిట్‌లో వేయడానికీ పనికిరావు.

అద్దెదారులు ఉండగానే అమ్మితే

ఇల్లు చేతులు మారినంత మాత్రాన అద్దె ఒప్పందం రద్దు కాదు. కొన్నవారు పాత యజమాని స్థానంలోకి వస్తారు, హక్కులతో పాటు బాధ్యతలూ వారివే. సొంతానికి కొనేవారు ఖాళీ ఇల్లు అడుగుతారు. పెట్టుబడికి కొనేవారికి మంచి అద్దెదారు ఉండటం లాభమే. ముందే ఖాళీ చేయిస్తే బేరం తేలేదాకా అద్దె పోతుంది. మన ఇంటికి ఆరు నెలలు పడితే 1,08,000. ఖాళీ చేయించకపోతే చివరి నిమిషంలో కొనేవారు ధర తగ్గించే ప్రమాదం ఉంది. అందుకని అమ్మకపు ఒప్పందం రాసుకున్నాక, రిజిస్ట్రేషన్‌కు రెండు మూడు నెలల గడువు పెట్టుకుని ఆలోపు నోటీసు ఇచ్చేవారు ఎక్కువ.

అడ్వాన్సు దగ్గర పేచీ వస్తుంది. ముగ్గురు అద్దెదారులు కలిసి ఇచ్చిన అడ్వాన్సు 54,000 అనుకుందాం. దాన్ని పాత యజమాని వారికి తిరిగిచ్చాడా, ధరలో తగ్గించి కొత్తవారికి అప్పగించాడా అన్నది విక్రయ దస్తావేజులో ఒక వాక్యంగా రాయకపోతే, ఖాళీ చేసే రోజున అద్దెదారు ఇద్దరి ఇళ్ల చుట్టూ తిరుగుతాడు. ఆ వాక్యాన్ని రాయించవలసింది అమ్మేవారే, ఎందుకంటే అడ్వాన్సు తీసుకున్నట్టు ఉన్న సంతకం వారిది.